ఏటిగట్టును, గట్టు పక్కన నదిని ఏడాది పొడవునా ఎలా గమనించాలి

భద్రాచలం దగ్గర గోదావరి మట్టం 43 అడుగులు దాటిందని టీవీలో రాగానే గట్టు కింది ఊళ్ళ నుంచి నాకు ఫోటోలు మొదలవుతాయి. అన్నీ దాదాపు ఒకేలా ఉంటాయి: కొబ్బరి తోట పక్కన గట్టు పాదం దగ్గర తడిసిన నేల. కింద ఒకటే ప్రశ్న: "ఇది ప్రమాదమా? గట్టు ఆగుతుందా?"

ఒక్క ఫోటో చూసి ఆ జవాబు నేను చెప్పలేను. అక్కడ నేల మే నెలలో పొడిగా ఉండేదా, పక్కనున్న బోదె వల్ల ఎప్పుడూ తడిగానే ఉంటుందా? నిన్న ఆ తడి ఎంత వెడల్పు? ఊరుతున్న నీళ్ళు తేటగా ఉన్నాయా, మట్టి తెస్తున్నాయా? ఈ మూడూ మీ దగ్గర రాసి ఉంటే గట్టు చూసే ఇంజినీరు వెంటనే తేల్చగలరు. రాసి లేకపోతే ఆయనకూ అది తడిసిన నేలే.

గట్టు ఊరిని కాపాడుతుంది. దానితో పాటు ఏటిని కూడా మారుస్తుంది. ఒడ్డు కోత మరోచోటికి జరుగుతుంది, ఊళ్ళో మురుగు ఆగుతుంది, నూతిలో నీరు మారుతుంది, చేప దారి మారుతుంది. అందుకే ఇక్కడ గట్టుతో పాటు ఇవన్నీ ఎలా చూసుకోవాలో చెబుతున్నాను. గోదావరి గట్లను దృష్టిలో పెట్టుకుని రాశాను గానీ, కృష్ణ వెంట ఉన్నవాళ్ళకూ వాగుల పక్కన ఉన్నవాళ్ళకూ పనికొస్తుంది. 2024 సెప్టెంబరులో విజయవాడ సింగ్‌నగర్ మునగడానికి ముఖ్య కారణం బుడమేరు వాగు. దాని మళ్లింపు కాలువ కట్టకు గండ్లు పడ్డాయి. చిన్న కట్టే కదా అని వదిలేయకండి.

కావలసినవి

- గట్టి అట్ట ఉన్న లాంగ్ నోట్‌బుక్, పెన్సిల్. పెన్ను వద్దు, వానలో అక్షరం కారిపోతుంది.
- 30 మీటర్ల కొలత టేపు, ఒక చిన్న స్టీల్ టేపు.
- ఫోటోలకు ఫోన్. లొకేషన్ ఆన్‌లో ఉండాలి.
- అడుగు పొడవున్న స్కేలు. ఫోటో తీసే ప్రతిసారీ పక్కన పెట్టడానికి.
- ఇనుప మేకులు, టేకు లేదా సరుగుడు మేకులు ఓ ఇరవై, ఎర్ర పెయింటు.
- లీటరు పట్టే తెల్లటి ప్లాస్టిక్ సీసాలు నాలుగైదు, 20 లీటర్ల బకెట్టు.
- నీటిలో కరిగిన ఉప్పులు ఎన్నో చూపే, పెన్ను ఆకారంలో ఉండే టీడీఎస్ మీటరు. కొన్ని వందల రూపాయల్లో దొరుకుతుంది.
- ఏటి నీటి తేటదనం చూడడానికి 20 సెంటీమీటర్ల వెడల్పున్న గుండ్రటి రేకు. దాని మీద నాలుగు భాగాలు గీసి, ఒకటి తెలుపు, దాని పక్కది నలుపు వచ్చేలా నాలుగింటికీ పెయింటు వేసి, మధ్యలో తాడు కట్టి, కింద బరువు వేలాడదీయండి. తాడుకు ప్రతి 10 సెంటీమీటర్లకు ముడి వేయండి.
- ఇద్దరు మనుషులు. ఇది అన్నిటికంటే ముఖ్యం. గట్టు మీదకు ఒక్కరే వెళ్ళకండి. పొదల్లో పాములుంటాయి, వరదలో అంచు ఎప్పుడు జారుతుందో తెలియదు.

టీడీఎస్ మీటరు, రేకు లేకపోయినా మిగతా పనంతా చేయొచ్చు. నోట్‌బుక్, టేపు లేకుండా మాత్రం మొదలుపెట్టకండి.

1. ముందు గుర్తులు పెట్టుకోండి

మీ ఊరి హద్దులో ఉన్న గట్టును నడిచి చూసి ఎనిమిది, పది చోట్లు ఎంచుకోండి. తూము ఉన్నచోటు, గట్టు మలుపు తిరిగేచోటు, పాత గండి పూడ్చినచోటు, పశువులు ఎక్కిదిగే బాట, రాతి కట్టుబడి మొదలయ్యే చివర, ఆగిపోయే చివర తప్పకుండా ఉండాలి. పాత గండ్లు ఎక్కడో ఊళ్ళో పెద్దవాళ్ళను అడగండి. 1986 ఆగస్టు వరద చూసినవాళ్ళు ఇంకా ఉన్నారు. భద్రాచలం దగ్గర నమోదైన అత్యధిక మట్టం అప్పటిదే, 75.6 అడుగులు. ఆ నీటి గీత గుడి గోడ మీదో, పాత పెంకుటింటి స్తంభం మీదో ఉంటే ఇప్పుడే కొలిచి రాసుకోండి. సున్నం వేస్తే పోతుంది.

ప్రతి చోటికీ ఒక నంబరు ఇచ్చి, దగ్గరలో కదలని వస్తువు మీద పెయింటుతో రాయండి. కిలోమీటరు రాయి, కరెంటు స్తంభం, తూము గోడ పనికొస్తాయి. కొబ్బరిచెట్టు మీద రాయకండి. గాలివానకు పడిపోతే మీ లెక్కంతా పోతుంది.

2. మే నెలలో ఒకసారి అంతా చూడండి

వేసవిలో నీరు బాగా దిగినప్పుడు, ఎండ పడకముందు పొద్దున్నే వెళ్ళండి. ఒకరు గట్టు పైన, ఒకరు ఊరి వైపు పాదం వెంట నడవాలి. ఏటి వైపు వాలును తిరిగి వచ్చేటప్పుడు చూడండి. ప్రతి గుర్తు దగ్గర నాలుగు ఫోటోలు తీయండి: ఎగువకు, దిగువకు, ఏటి వైపు, ఊరి వైపు. అదే చోట నిలబడి, ఫోను అదే ఎత్తులో పట్టుకుని తీయాలి.

పగుళ్ళ దగ్గర ఎక్కువసేపు ఆగండి. ఎండకు నల్లరేగడి పగిలితే పగుళ్ళు వలలా అన్ని వైపులా ఉంటాయి, వాన పడగానే మూసుకుపోతాయి. వాటితో టెన్షన్ అక్కర్లేదు. గట్టు అంచుకు సమాంతరంగా, పొడవుగా సాగి, ఒక పక్క కొంచెం దిగినట్టు కనిపించే పగులు వేరు. వాలు జారబోతోందని అర్థం. గట్టును అడ్డంగా కోసినట్టున్న పగులు ఇంకా చెడ్డది. నీటికి అదే దారి అవుతుంది.

ఏ పగులైనా కదులుతోందా లేదా తెలుసుకోవడానికి సులువైన పద్ధతి ఉంది. పగులుకు చెరోవైపు ఒక్కో కర్ర మేకు బాగా దిగ్గొట్టి, ఒక్కోదాని నెత్తిన చిన్న ఇనుప మేకు కొట్టండి. రెండు ఇనుప మేకుల మధ్య దూరం స్టీల్ టేపుతో మిల్లీమీటర్లలో కొలవండి. వారం తర్వాత అదే మనిషి, అదే టేపుతో మళ్ళీ కొలవాలి. రెండు, మూడు మిల్లీమీటర్ల తేడా కొలతలో పొరపాటు కావచ్చు. వరుసగా మూడు వారాలు ఒకే దిక్కుకు పెరుగుతుంటే అది పొరపాటు కాదు.

పందికొక్కుల బొరియలు, ఎండ్రకాయల కన్నాలు, చెదపుట్టలు లెక్కపెట్టండి. బొరియలో కర్ర ఎంత లోతు వెళ్తుందో చూడండి, చేయి పెట్టకండి. ఏటి వైపూ ఊరి వైపూ ఇంచుమించు ఒకే ఎత్తులో బొరియలుంటే వెంటనే చెప్పాల్సిన విషయం. లకుముకి పిట్ట గూడైతే పిల్లలు ఎగిరిపోయేదాకా ఆగి, వరద రాకముందే పూడ్పించాలి.

గట్టు మీద గరిక ఉంటే మంచిది, మట్టిని పట్టి ఉంచుతుంది. పెద్ద చెట్లు అలా కాదు. చెట్టు చచ్చాక వేరు కుళ్ళి లోపల గొట్టంలా ఖాళీ మిగులుతుంది. చెట్లు ఎన్ని, ఎంత లావు, బతికి ఉన్నాయా అన్నది రాసుకోండి. సర్కారు తుమ్మ పొదలు కమ్మేస్తే గట్టు కనిపించదు. కొట్టించండి గానీ వేళ్ళతో పెకలించకండి, గట్టు గుల్లవుతుంది.

గట్టు పాదానికి దగ్గరలో మట్టి తవ్విన గోతులు కనిపిస్తే కొలతలతో, ఫోటోలతో రాయండి. ఇటుక బట్టీకైనా, గట్టు ఎత్తు పెంచడానికైనా, పాదం దగ్గర మట్టి తీస్తే పైనుంచి ఎంత పెంచినా కింద బలం పోతుంది.

3. ఒడ్డు కోతను కొలవండి

లంకల్లో ఉన్నవాళ్ళకు ఇది అన్నిటికంటే ముఖ్యం. ఒక ఒడ్డున రాయి పరిచి, గ్రోయిన్లు (ఒడ్డు నుంచి ఏట్లోకి చొచ్చుకొచ్చే రాతి కట్టలు) కడితే ఏటి ఒరవడి ఎదుటి ఒడ్డు వైపో, రాయి ఆగినచోటికి దిగువకో మళ్ళుతుంది. కాబట్టి కట్టుబడి ఉన్నచోట కాకుండా, అది ఆగిన చివర నుంచి దిగువకు కొలవండి. వీలైతే ఎదుటి ఒడ్డున ఉన్న ఊళ్ళో ఒకరితో మాట్లాడి వాళ్ళనూ కొలవమనండి.

ఒడ్డు అంచుకు బాగా లోపల, కనీసం 30 అడుగుల దూరంలో, వరసగా అయిదు మేకులు పాతండి. ప్రతి మేకు నుంచి అంచుకు ఎంత దూరమో కొలవండి. వరదకు ముందు ఒకసారి, తీసిన పదిహేను రోజులకు ఒకసారి, సంక్రాంతికి ఒకసారి చాలు. అంచున నిలబడి కొలవొద్దు. కింద కోసుకుపోయి పైన నేల గొడుగులా మిగిలి ఉంటుంది. టేపు చివర పొడవాటి కర్రకు కట్టి ముందుకు చాపండి.

4. నీటిని చూడండి: ఏరు, నుయ్యి, మురుగు కాలువ

ఏటి నీటి తేటదనానికి మీరు చేసుకున్న రేకును ఎండ వీపు మీద పడేలా నిలబడి నీళ్ళలోకి దించండి. తెలుపు, నలుపు తేడా కనిపించని చోట ఎన్ని ముడులు దిగాయో చూడండి. పైకి లాగుతూ మళ్ళీ కనిపించిన చోట ఇంకోసారి చూడండి. రెండింటి సగటు రాయండి. గట్టు పని జరుగుతుంటే పని జరిగే చోటుకు ఎగువన ఒకసారి, దిగువన ఒకసారి, గంటలోపు చూడాలి. దిగువన మాత్రమే చూసి "పని వల్ల బురద అయింది" అంటే ఎవరూ ఒప్పుకోరు. ఎగువనే బురద వస్తుండొచ్చు కదా.

గట్టుకు దగ్గరగా ఒకటి, దూరంగా ఒకటి, రెండు నూతులు ఎంచుకోండి. పొద్దున్నే, మోటారు వేయకముందు, ఒర మీద గుర్తుపెట్టిన చోటు నుంచి నీటిదాకా టేపుతో కొలవండి. టీడీఎస్ కూడా చూడండి. తాగునీటికి కోరదగిన హద్దు లీటరుకు 500 మిల్లీగ్రాములు, వేరే నీరు లేనప్పుడు 2000 దాకా అనుమతి ఉంది. మీటరు మీకు చెప్పేది ఉప్పుల మొత్తం మాత్రమే. అంకె తక్కువ ఉంటే నీళ్ళు మంచివని కాదు. వరద తర్వాత నూతిలో మురుగు కలిసినా మీటరు పట్టుకోలేదు. క్లోరినేషన్ చేయించి, పరీక్షకు పంపాకే తాగండి. సముద్రానికి దగ్గర ఊళ్ళలో మార్చి నుంచి జూన్ దాకా నెలనెలా చూస్తే ఉప్పు ఎప్పుడు పైకి వస్తోందో తెలుస్తుంది.

మురుగు కాలువ తూముల సంగతి చాలామంది మరిచిపోతారు. ఏరు పెరిగినప్పుడు తూము తలుపులు దించేస్తారు. అప్పుడు ఊళ్ళో వాన నీరు, మురుగు బయటికి పోయే దారి ఉండదు. గట్టు ఆగినా ఊరు మునిగేది ఇలాగే. మేలోనే తలుపు పూర్తిగా దిగుతోందా, నీరు కారకుండా అంచున రబ్బరు ఉందా, అడుగున చెత్త అడ్డం పడిందా అని లస్కరును (తూము తలుపులు చూసే ఉద్యోగిని) పిలిచి దింపించి చూడండి. తలుపు దించాక అవతలి నుంచి నీరు వెనక్కి వస్తోందంటే వరదలో అది కాలువలా వస్తుంది.

మురుగు కాలువలో చేపలు తెల్లవారుజామున నీటి పైకి వచ్చి నోళ్ళు తెరుస్తుంటే నీటిలో ప్రాణవాయువు తగ్గిందని అర్థం. రోజు మొత్తంలో అది అతి తక్కువగా ఉండేది అప్పుడే. ప్రాణవాయువు కొలిచే కిట్టు ఉంటే అదే వేళ చూడండి. చేపలకు లీటరుకు 4 మిల్లీగ్రాములైనా ఉండాలి. మధ్యాహ్నం చూసి బాగుందని రాస్తే తప్పు లెక్క.

5. చేపలు, పిట్టలు

దీనికి మీ ఊరి జాలరులే గురువులు. వారంలో ఒకే రోజు, ఒకే రేవులో, ఎన్ని పడవలు వచ్చాయి, ఏ చేప ఎంత అని అడిగి రాసుకోండి. సముద్రం నుంచి పులస వరద నీటికి ఎదురీదుతూ వచ్చేది జూలై, ఆగస్టుల్లో. మొదటి పులస ఎప్పుడు పడిందో ఏటేటా తేదీ వేయండి. పడవల సంఖ్య రాయకుండా చేపల బరువు మాత్రమే రాస్తే పనికిరాదు. పడవలు తగ్గినా బరువు తగ్గుతుంది.

వేసవిలో ఇసుక తిన్నెల మీద రేవుపిట్టలు గుడ్లు పెడతాయి. దూరం నుంచే చూడండి. మీరు దగ్గరికి వెళ్తే తల్లి లేస్తుంది, ఎండకు గుడ్లు ఉడికిపోతాయి.

6. వరద వచ్చినప్పుడు

ముందు మట్టం. భద్రాచలం దగ్గర 43, 48, 53 అడుగులకు మొదటి, రెండవ, మూడవ హెచ్చరికలు. ధవళేశ్వరం బ్యారేజీ దగ్గర 11.75, 13.75, 17.75 అడుగులకు. ఈ రెండు అంకెలనూ కలపకండి, వేర్వేరు చోట్ల వేర్వేరు కొలతలు. మీ ఊరి రేవు మెట్ల మీదో, వంతెన స్తంభం మీదో అడుగుల గీతలు గీసుకుని గంట గంటకూ మీ మట్టం రాయండి. పక్కన అదే సమయానికి ధవళేశ్వరం అంకె వేయండి. రెండు వరదలు ఇలా రాస్తే, అక్కడ మట్టం పెరిగాక మీ దగ్గరికి ఎన్ని గంటలకు వస్తుందో మీ పుస్తకమే చెబుతుంది. 2022 జూలైలో భద్రాచలం 71.3 అడుగులకు చేరింది, ధవళేశ్వరం నుంచి 25 లక్షల క్యూసెక్కులకు పైగా సముద్రంలోకి వెళ్ళింది. ఆ రోజుల్లో ఈ లెక్క రాసుకున్న ఇళ్ళలో సామాను సర్దడానికి టైం దొరికింది.

తర్వాత ఊట. గట్టు పాదం దగ్గర ఊరుతున్న నీళ్ళను సీసాలో పట్టి, పావుగంట కదపకుండా ఉంచండి. అడుగున ఇసుకో, మన్నో పేరుకుందా? సీసా మీద తేదీ, వేళ, గుర్తు నంబరు రాసి వరసగా పెట్టండి. మా ఇంటి కిటికీలో అలా పెట్టిన సీసాల్లో మొదటి రెండూ తేటగా ఉండి, మూడో దాని అడుగున వేలెడు మందం ఇసుక కూర్చుంది. దాన్ని ఎత్తి చూపించగానే ఇసుక బస్తాల లారీ కదిలింది.

నీరు తేటగా ఉంటే గమనిస్తూ ఉండండి. మట్టి తెస్తుంటే గట్టు లోపలి నుంచి మన్ను కొట్టుకుపోతోంది, వెంటనే చెప్పాలి. ఊట ఎంతో కొలవాలంటే చిన్న కాలువ తీసి పైపు పెట్టి బకెట్టు నింపండి. 20 లీటర్ల బకెట్టు 40 సెకన్లలో నిండితే నిమిషానికి 30 లీటర్లు. ఏరు పెరిగితే ఊట పెరగడం మామూలే. ఏరు నిలకడగా ఉండి ఊట పెరుగుతుంటే మామూలు కాదు.

నేలలోంచి నీరు బుగ్గలా ఉబికి, చుట్టూ చీమలపుట్టలా ఇసుక పోస్తుంటే దాన్ని మూయకండి. ఇది నేను కళ్ళారా చూసిన తప్పు. మా ఊళ్ళో ఒక బుగ్గలో గోనెసంచులు కుక్కి పైన బంకమట్టి తొక్కారు. అరగంటకు మూడు గజాల అవతల రెండు బుగ్గలు లేచాయి. నీటిని ఆపితే లోపల ఒత్తిడి పెరుగుతుంది. చుట్టూ ఇసుక బస్తాలతో ఉంగరంలా కట్టి, లోపల నీటి మట్టం పెరగనివ్వాలి. పైనుంచి తేట నీరు పొర్లి పోతుండాలి. మన్ను రావడం ఆగేదాకానే ఎత్తు పెంచాలి. ఈ పని సిబ్బంది వచ్చి, వాళ్ళు చెప్పినట్టే చేయండి. అంతకుముందే నేల కదులుతున్నట్టు ఉన్నా, గట్టు పైభాగం కుంగినా, ఏదీ కొలవకుండా ఊరిని లేపి పక్కకు వెళ్ళిపోండి. 112కు గానీ, జిల్లా కంట్రోల్ రూం 1077కు గానీ ఫోన్ చేయండి. గుర్తు నంబరు, దగ్గరి కిలోమీటరు రాయి చెప్పండి. "రామాలయం వెనక" అంటే పక్క ఊళ్ళోనూ రామాలయం ఉంది.

7. వరద తీశాక

నీరు తగ్గిందని అందరూ ఊపిరి పీల్చుకునే ఈ రోజుల్లోనే ఏటి వైపు వాలు జారుతుంది. గట్టు లోపల ఇంకా నీరు నిండి ఉంటుంది, బయట ఆనిన ఏరు ఒక్కసారిగా దిగిపోతుంది. మొదటి వారం రోజూ, తర్వాత రెండు వారాలు రోజు విడిచి రోజు చూడండి. పగుళ్ళ మేకులు మళ్ళీ కొలవండి. మే ఫోటోలు ఫోన్లో తెరిచి, అదే చోట నిలబడి పక్కపక్కన పోల్చండి.

ఎక్కువమంది చేసే పొరపాట్లు

స్కేలు పెట్టకుండా ఫోటో తీయడం మొదటిది. పగులు అరంగుళమా, అడుగా అని తర్వాత తేలదు. "బాగానే ఉంది" అని రాయడం రెండోది. ఏం చూశారో రాయండి: తడి లేదు, పగులు లేదు, బొరియలు మూడు. ఏమీ కనిపించని రోజు రాయకుండా వదిలేయడం ఇంకొకటి. ఆ ఖాళీ పేజీ చూసి మీరు వెళ్ళలేదనే అనుకుంటారు. సాయంత్రం ఇంటికొచ్చి గుర్తు తెచ్చుకుని రాసిన అంకె అంకె కాదు. గట్టు మీదే రాయాలి.

మీ లెక్క సరిగ్గా ఉందో ఎలా తెలుస్తుంది

నెలకోసారి ఇద్దరూ విడివిడిగా, ఒకరి అంకె ఒకరు చూడకుండా ఒకే చోటు కొలవండి. పగుళ్ళలో మూడు మిల్లీమీటర్లు, నూతి మట్టంలో రెండు సెంటీమీటర్లు, ఒడ్డు దూరంలో జానెడు మించి తేడా వస్తే ఎక్కడ టేపు పెట్టాలన్నది ఇద్దరూ కలిసి మళ్ళీ తేల్చుకోండి. టీడీఎస్ మీటరును ఒకే కంపెనీ సీల్డ్ నీళ్ళ సీసాలో నెలనెలా ముంచి చూడండి. అంకె జరిగిపోతుంటే సెల్ మార్చండి. అప్పటికీ కుదరకపోతే మీటరే మార్చండి.

గట్టు అసలు ఎంత ఎత్తు, ఎంత వాలు ఉండాలో తెలియకపోతే సమాచార హక్కు చట్టం కింద జలవనరుల శాఖకు దరఖాస్తు పెట్టండి. 30 రోజుల్లో జవాబు ఇవ్వాలి. మీ గుర్తుల దగ్గర డిజైన్ ప్రకారం గట్టు పైమట్టం ఎంత అని కిలోమీటర్ల వారీగా అడగండి.

పుస్తకాన్ని నెలకోసారి పేజీ పేజీ ఫోటో తీసి ఇంకో ఇద్దరి ఫోన్లలో ఉంచండి. ఒక కాపీ గ్రామ సచివాలయంలో ఇచ్చి, తీసుకున్నట్టు సంతకం, తేదీ వేయించుకోండి. వర్షాకాలానికి ముందు ఇంజినీరు తనిఖీకి వచ్చిన రోజు ఆయనతో పాటు నడవండి. పుస్తకం చేతిలో ఉండాలి, గుర్తు నంబరు ఒకటి దగ్గర మొదలుపెట్టండి.